పంచుకుంటేనే అర్థమయ్యే జబ్బు

రక్తనాళాల లోపలి పొరలో పుట్టే క్యాన్సర్ ఒకటుంది. పేరు యాంజియోసార్కోమా. అమెరికా మొత్తం మీద ఏడాదికి దాదాపు 300 మందికి వస్తుంది. అంత పెద్ద దేశంలో ఆ 300 మందీ తలో మూల ఉంటారు. ఒక డాక్టరు తన సర్వీసు మొత్తంలో ఇలాంటి రోగిని ఒకరిద్దరిని చూస్తే ఎక్కువ. ఏ ఆసుపత్రికీ పరిశోధనకు సరిపడా కేసులు దొరకవు. రోగం వచ్చినవాళ్ళకేమో తమలాంటి మనిషి ఇంకొకరు ఉన్నారని తెలిసే దారే ఉండేది కాదు.

ఫేస్‌బుక్ వచ్చాక వాళ్ళు ఒకరినొకరు వెతుక్కున్నారు. అలా చేరినవాళ్ళలో కోరీ పెయింటర్ ఒకరు. ఆమె జీవరసాయన శాస్త్రవేత్త. 2010లో ఆమెకే ఈ క్యాన్సర్ వచ్చింది. బతికి బయటపడ్డాక అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌లో సహచరులతో కలిసి 2017లో ఒక పని మొదలుపెట్టారు. ఆసుపత్రుల గుమ్మాలు ఎక్కకుండా నేరుగా రోగులనే అడిగారు. ఇష్టమున్నవాళ్ళు ఇంటి నుంచే పేరు నమోదు చేసుకోవచ్చు. సమ్మతి పత్రం చదివి సంతకం పెడితే ఇంటికి ఒక చిన్న డబ్బా వస్తుంది. అందులో ఉమ్మి పట్టి తిరిగి పంపాలి. ఆ రోగి ఎప్పుడో ఎక్కడో చేయించుకున్న ఆపరేషన్ తాలూకు కణితి ముక్కను, చికిత్స కాగితాలను ఆయా ఆసుపత్రుల నుంచి తెప్పించుకునే భారం పరిశోధకులది.

ఏడాదిన్నరలో 338 మంది చేరారు. ఏడాదికి 300 మందికి వచ్చే జబ్బులో 338 మంది! మొదటి విడతగా 36 మందికి చెందిన 47 కణితి నమూనాలను చదివారు. తల, ముఖం, మెడ మీద వచ్చిన కణితుల్లో జన్యు మార్పులు కుప్పలుగా ఉన్నాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు డీఎన్‌ఏ మీద వదిలే గుర్తు వాటిలో స్పష్టంగా ఉంది. మార్పులు ఎక్కువగా ఉన్న కణితిని శరీర రక్షణ వ్యవస్థ తేలిగ్గా గుర్తుపడుతుందని మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగుల అనుభవం అప్పటికే చెప్పింది. చికిత్స కాగితాలు తిరగేస్తే ఈ రకం రోగుల్లో ఇద్దరికి వాళ్ళ డాక్టర్లు, వేరే దారి లేక, పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇచ్చి చూశారని తేలింది. ఇద్దరిలోనూ అది ఊహించనంత బాగా పనిచేసింది.

ఆ ఇద్దరి ఫైళ్ళూ ఎక్కడో రెండు బీరువాల్లో ఉండిపోతే అవి రెండు వింత కేసులు, అంతే. జన్యువులను మాత్రమే చదివి ఊరుకుంటే అది ఒక అందమైన పట్టిక, అంతే. రెండూ ఒక చోటికి వచ్చినందువల్ల ఈ రోగులకు ఏ మందు వెతకాలో ఒక దారి కనబడింది. పరిశోధన పత్రం 2020లో అచ్చయింది. డేటా మాత్రం అంతకు ముందే, 2018లోనే, ప్రపంచంలో ఎవరైనా చూసుకునేలా బయట పెట్టేశారు. తమ పేరు ముందు అచ్చులో పడాలని చూసుకునే వృత్తిలో అది చిన్న విషయం కాదు.

ఒక్కరి జన్యుక్రమం ఏం చెబుతుంది?

ఒంటరిగా చదివితే చెప్పేది చాలా తక్కువ. మనిషి జన్యుక్రమంలో దాదాపు 300 కోట్ల అక్షరాలు ఉన్నాయి. శాస్త్రవేత్తలు ప్రమాణంగా పెట్టుకున్న జన్యుక్రమంతో పోలిస్తే మనలో ప్రతి ఒక్కరికీ 40 నుంచి 50 లక్షల చోట్ల తేడాలు ఉంటాయి. వాటిలో దాదాపు అన్నీ ముక్కు ఆకారంలాంటి తేడాలే, హాని చేయవు. ఏ ఒకటో రెండో జబ్బుకు దారి తీస్తాయి. ఏది ఏదో ఎలా తెలుస్తుంది? ఒక్క రోజు కురిసిన వాన చూసి ఆ ఏడు కాలం అవుతుందో లేదో ఏ రైతూ చెప్పడు. ఇక్కడా అంతే. ఆ మార్పు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఎంతమందికి ఉంది, రోగుల్లో ఎంతమందికి ఉంది, ఒకే ఇంట్లో జబ్బు వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ మధ్య అది ఎలా పంచబడింది అని వేలమందిలో చూడాలి.

రొమ్ము క్యాన్సర్ వచ్చిన తల్లికి, రొమ్ము, అండాశయ క్యాన్సర్లతో ముడిపడ్డ బీఆర్‌సీఏ జన్యువుల పరీక్ష చేయించారనుకుందాం. ప్రమాదకరమైన మార్పు ఉందని తేలితే ఏం చేయాలో డాక్టర్లకు తెలుసు. ఏమీ లేదంటే అదొక ఊరట. మూడోది ఉంది: మార్పు ఉంది, కానీ అది మంచిదో చెడ్డదో తేలలేదు. ఈ మూడో మాట పట్టుకుని ఇంటికి వెళ్ళిన కుటుంబం పడే నలుగుబాటు అంతా ఇంతా కాదు. కూతురికి చేయించాలా వద్దా, చెల్లెలికి చెప్పాలా వద్దా, అండాశయాలు తీయించేయాలా, కొన్నేళ్ళు చూడాలా? కౌన్సెలింగ్ చేసే డాక్టరు కూడా నిజాయతీగా ఇవ్వగలిగిన జవాబు “ప్రస్తుతానికి దీన్ని బట్టి నిర్ణయాలు తీసుకోకండమ్మా” అన్నదే.

యూరప్ మూలాలు లేనివాళ్ళకు ఈ “తేలలేదు” అన్న రిపోర్టు ఎక్కువగా వస్తుంది. శరీరంలో తేడా ఉండి కాదు, పోల్చి చూసే పట్టికలో మనవాళ్ళు తక్కువగా ఉండి. ఒక మార్పు గుంటూరు జిల్లాలో నూటికి ఇద్దరికి ఉండి, వాళ్ళంతా నిక్షేపంగా ఉన్నా, వాళ్ళెవరూ పట్టికలో లేకపోతే కంప్యూటర్‌కు అది అరుదైనదిగా, అనుమానించదగినదిగా కనబడుతుంది. ఎక్సాక్ అనే ఉమ్మడి డేటాబేస్‌లో 60,706 మంది జన్యు సమాచారాన్ని ఒకచోట చేర్చినప్పుడు ఇది ఎంత పెద్ద సమస్యో బయటపడింది. 2016లో వచ్చిన ఆ పత్రంలో, అంతకుముందు అరుదైన వంశపారంపర్య జబ్బులకు కారణమని ముద్ర పడి, తీరా చూస్తే జనంలో చాలామందికి ఉన్న 192 మార్పులను తిరిగి పరిశీలించారు. ఆ ముద్రకు తగిన ఆధారం నిలిచినవి 9 మాత్రమే. మిగతా వాటిని నమ్ముకుని ఎన్ని ఇళ్ళలో ఎన్ని నిర్ణయాలు జరిగాయో ఊహించుకుంటే గుండె బరువెక్కుతుంది.

బీరువాలో పెట్టి తాళం వేస్తే

ఇలాంటి సమాచారాన్ని తాళం వేసి దాచుకుంటే ఏమవుతుందో బీఆర్‌సీఏ చరిత్రే చెబుతుంది. రొమ్ము క్యాన్సర్ కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుందనీ, దానికి కారణమైన జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందనీ మేరీ క్లెయిర్ కింగ్ 1990లో చూపించారు. ఆ జన్యువును మొదట పట్టుకున్నది మాత్రం అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన మిరియడ్ జెనెటిక్స్ బృందం, 1994లో. వాళ్ళు పేటెంట్లు తీసుకున్నారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అమెరికాలో ఈ పరీక్ష చేయాలంటే వాళ్ళే చేయాలి. 2013 మే నెలలో హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ, ఈ జన్యువులో మార్పు ఉందని తేలి తన రొమ్ములు తీయించుకున్న సంగతి రాసినప్పుడు ఈ పరీక్షకు అమెరికాలో 3,000 డాలర్లకు పైగా అవుతోందన్న విషయం కూడా రాశారు. మన పత్రికలూ ఆ వార్త వేశాయి. ధర సంగతి అంతగా చర్చకు రాలేదు.

జోలీ వ్యాసం వచ్చిన నెలకే, 2013 జూన్ 13న, అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో తీర్పు చెప్పింది. ప్రకృతిలో ఉన్న డీఎన్‌ఏను శరీరం నుంచి వేరు చేసినంత మాత్రాన అది ఎవరి ఆవిష్కరణా కాదంది. ఆ తర్వాత మిగతా ల్యాబులూ రంగంలోకి దిగాయి, ధరలు పడిపోయాయి. అందరూ దాన్ని విజయమన్నారు.

కోర్టు తాకని వస్తువు ఒకటి మిగిలింది. పరీక్షలన్నీ ఒక్క చోటే జరిగినన్నాళ్ళూ లక్షలాది మంది ఫలితాలు ఆ ఒక్క కంపెనీ దగ్గరే పోగయ్యాయి. ఏ మార్పు హానికరమో, ఏది కాదో వాళ్ళకు తెలిసినంతగా ప్రపంచంలో ఇంకెవరికీ తెలిసేది కాదు. మొదట్లో ఆ వివరాలను ప్రభుత్వ పరిశోధకులు నడిపే ఉమ్మడి డేటాబేస్‌కు ఇచ్చేవాళ్ళు. 2004 నుంచి ఇవ్వడం మానేశారు. పేటెంటు గడువు తీరుతుంది, కోర్టు కొట్టేయొచ్చు కూడా. డేటాకు ఆ భయం లేదు. వ్యాపారపరంగా అది తెలివైన పనే కావచ్చు. రక్తం ఇచ్చినది రోగులు, కుటుంబ చరిత్ర విప్పి చెప్పింది రోగులు, డబ్బు కట్టిందీ రోగులూ వాళ్ళ ఇన్సూరెన్సులూ. వాళ్ళ వల్ల పుట్టిన తెలివిడి వాళ్ళలాంటి ఇంకో రోగికి అందకుండా పోవడాన్ని నేను ఏ లెక్కలోనూ సమర్థించలేను.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ నస్‌బామ్ అనే జన్యు వైద్యుడు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. కంపెనీ ఇవ్వకపోతేనేం, రిపోర్టులు డాక్టర్ల దగ్గరా రోగుల దగ్గరా ఉన్నాయి కదా! ఆ కాగితాల మీద పేరూ చిరునామా కొట్టేసి మాకు పంపండి అని దేశమంతా ఉన్న క్లినిక్‌లను అడిగారు. ఒక్కో కాగితం ఒక్కో మార్పు గురించి కంపెనీ ఇచ్చిన తీర్పు. అవన్నీ క్లిన్‌వార్ అనే ప్రభుత్వ ఉచిత డేటాబేస్‌లోకి చేరాయి. 2015 నుంచి బీఆర్‌సీఏ ఎక్స్‌ఛేంజ్ అనే అంతర్జాతీయ వేదిక వివిధ దేశాల డేటాను కలిపి, ఏ మార్పు ఏమిటో నిపుణుల చేత తేల్పించి అందరి ముందూ పెడుతోంది. హైదరాబాద్‌లోని ల్యాబ్‌లో కూర్చున్న జన్యు నిపుణురాలు ఇవాళ ఒక బీఆర్‌సీఏ రిపోర్టు రాసేటప్పుడు ఆ రెంటినీ తెరిచి చూడగలదు. ఎవరో తెలియని మనుషులు పేరు కొట్టేసి పంపిన ఆ కాగితాలు ఆమె పనికొస్తున్నాయి.

అందరి కణితులూ ఒకే బల్ల మీద

పంచుకోవడం అనే ఆచారానికి పునాది 1996లో బెర్ముడా దీవుల్లో పడింది. మానవ జన్యుక్రమాన్ని చదువుతున్న శాస్త్రవేత్తలు అక్కడ సమావేశమై, చదివిన భాగాన్ని 24 గంటల్లోగా అందరికీ తెరిచి పెట్టాలని ఒప్పందం చేసుకున్నారు. ఆ ఒరవడిలోనే అమెరికా ప్రభుత్వం 2006లో ది క్యాన్సర్ జీనోమ్ అట్లాస్‌ను మొదలుపెట్టింది. 33 రకాల క్యాన్సర్లు, 11,000 మందికి పైగా రోగులు. కాకినాడలో పుట్టి హార్వర్డ్‌లో జన్యుశాస్త్ర ఆచార్యుడైన రాజు కుచర్లపాటి ఆ పనిలో ముఖ్య పరిశోధకుల్లో ఒకరు. పెద్దపేగు క్యాన్సర్ మీద 2012లో వచ్చిన అట్లాస్ పత్రానికి ఆయన నాయకత్వం వహించారు.

ఇలాంటి నిధి ఒకసారి తెరుచుకుంటే ఎవరు ఏం తవ్వుతారో ముందుగా చెప్పలేం. బ్రిటన్‌లో లుడ్మిల్ అలెగ్జాండ్రోవ్, మైక్ స్ట్రాటన్ బృందం ప్రపంచంలోని రకరకాల ప్రాజెక్టుల డేటాను కలిపి 7,042 క్యాన్సర్లలోని దాదాపు 50 లక్షల మార్పులను పరిశీలించి 2013లో ఒక సంగతి బయటపెట్టింది. సిగరెట్ పొగ డీఎన్‌ఏను ఒక తీరులో గాయపరుస్తుంది, ఎండ ఇంకో తీరులో, వయసు మరో తీరులో. అలాంటి 21 తీరులను వాళ్ళు గుర్తించారు. మొదట చెప్పిన యాంజియోసార్కోమా రోగుల్లో ఎండ గుర్తును పట్టుకోవడానికి ఈ పని తోడ్పడింది. మూత్రపిండాల క్యాన్సర్ మీద 11 దేశాల నుంచి 962 మందిని చేర్చి 2024లో ప్రచురించిన అధ్యయనంలో జపాన్ రోగుల్లో 70 శాతానికి పైగా ఒకే వింత గుర్తు కనబడింది. దానికి కారణమేమిటో ఇంకా వెతుకుతున్నారు. ఒక్క దేశం డేటా మాత్రమే చూస్తే అది వింతని కూడా తెలిసేది కాదు.

దీన్ని ఇష్టపడని శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఇతరుల డేటా మీద బతికే పరాన్నజీవులు తయారవుతారన్న ఆందోళనను 2016లో ఒక ప్రఖ్యాత అమెరికన్ వైద్య పత్రిక సంపాదకీయంలోనే రాసింది. పెద్ద దుమారం రేగింది. అయినా ఆ భయంలో కొంత న్యాయముంది. ఏళ్ళ తరబడి రోగులను వెతికి, నమూనాలు భద్రపరిచిన చిన్న ఆసుపత్రి పేరు ఎక్కడా లేకుండా, పెద్ద కంప్యూటర్లున్న సంస్థ పేరు మాత్రమే పత్రం మీద కనబడితే ఆ ఆసుపత్రి రెండోసారి ఎందుకు ఇస్తుంది? ఇచ్చినవాళ్ళకు గుర్తింపు ఉండాలన్నది పంచుకోవడంలో భాగమే.

మన చెంప, మన అంగిలి

2008లో పలు దేశాలు కలిసి అంతర్జాతీయ క్యాన్సర్ జీనోమ్ కన్సార్షియం పెట్టుకున్నాయి. ఒక్కో దేశం కొన్ని క్యాన్సర్ల బాధ్యత నెత్తికెత్తుకుంది. మన దేశం తన వంతుగా ఎంచుకున్నది చెంప లోపలి గోడకూ చిగుళ్ళకూ వచ్చే క్యాన్సర్. ఖైనీ, గుట్కా, జర్దా దవడన పెట్టుకునే మన అలవాటుకు తగిన ఎంపిక. పశ్చిమ బెంగాల్ కల్యాణిలోని జాతీయ బయోమెడికల్ జీనోమిక్స్ సంస్థ, టాటా మెమోరియల్ వారి నవీ ముంబై పరిశోధన కేంద్రం కలిసి చేశాయి. ముందు 50 మంది కణితులను చదివి, మరో 60 మందిలో సరిచూసి, 2013లో ఫలితం ప్రకటించారు. మిగతా తల, మెడ క్యాన్సర్లలో తెలిసిన జన్యువులతోపాటు ఈ రకానికే ప్రత్యేకంగా కనబడే అయిదు జన్యువులు బయటపడ్డాయి. పాశ్చాత్యుల నోటి క్యాన్సర్ల డేటా ఎంత తిరగేసినా ఇవి బయటపడడం కష్టమయ్యేది.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లోనూ ఇదే కథ. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉంటే దానిపై గురిపెట్టిన మాత్ర బాగా పనిచేస్తుందని 2004లో తెలిసింది. ఊపిరితిత్తుల ఎడినోకార్సినోమా ఉన్న పాశ్చాత్యుల్లో ఈ మార్పు నూటికి 10, 15 మందిలో ఉంటే మన దేశంలో దాదాపు నాలుగోవంతు మందిలో ఉంది. మన రోగుల లెక్క మనం తీయకపోయి ఉంటే, పదిమందిలో ఒకరికే కదా పనికొచ్చేది అని పరీక్షే రాయకుండా ఊరుకునే వాళ్ళుండేవారు.

ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ ఉంది. చుట్ట వెలిగించి మండే కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం, అదీ ఎక్కువగా ఆడవాళ్ళు. వేడి నేరుగా అంగిట్లో తగులుతుంది, క్యాన్సర్ కూడా అంగిట్లోనే పుడుతుంది. మన వైద్యులు 1950ల నుంచే దీని గురించి రాస్తున్నారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించిన అధ్యయనం 1971లోనే ప్రపంచ వైద్య పత్రికల్లోకి ఎక్కింది. ఆ తల్లుల కణితుల జన్యుక్రమాలు వందల సంఖ్యలో చదివి, వాళ్ళ సమ్మతితో అందరి ముందూ పెడితే నిప్పు వేడి చేసిన గాయం ఎంత, పొగాకు రసాయనాలు చేసింది ఎంత అని విడదీసి చూడొచ్చు. ఆ ప్రశ్న అడగడానికి మనకున్నంత కారణం చాలా తక్కువ చోట్ల ఉంది. ఆంధ్రప్రదేశ్ వైద్య కళాశాలలు ముందుకు వచ్చి చేయాల్సిన పని ఇది అని నా గట్టి నమ్మకం.

జాతీయ స్థాయిలో కదలిక వచ్చింది. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 83 జన సమూహాలకు చెందిన 10,000 మంది ఆరోగ్యవంతుల జన్యుక్రమాలను చదివి, 2025 జనవరిలో ఫరీదాబాద్‌లోని భారతీయ జీవ డేటా కేంద్రం ద్వారా పరిశోధకులకు తెరిచింది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) అందులో భాగస్వామి. పైన చెప్పిన “తేలని” రిపోర్టులు తగ్గాలంటే ఇది మొదటి మెట్టు. మరుసటి నెలలోనే మద్రాస్ ఐఐటీ భారత్ క్యాన్సర్ జీనోమ్ అట్లాస్‌ను విడుదల చేసింది. 480 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల నుంచి తీసిన 960 నమూనాల సమాచారం అందులో ఉంది. నూట నలభై కోట్ల దేశానికి 480 మంది చాలరు. సున్నాకు మాత్రం చాలా దూరం.

సంతకం ఎవరు పెట్టారు?

ఇంతవరకూ చదివినవాళ్ళు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. మా రక్తం, మా ముక్క తీసుకుని ఏం చేస్తారో మాకెలా తెలుసు?

ఆ భయం ఊరికే పుట్టలేదు. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమెకు తెలియకుండా తీసుకున్న కణాలు ఇప్పటికీ ప్రపంచ ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. 2013 మార్చిలో యూరప్ శాస్త్రవేత్తలు ఆ కణాల జన్యుక్రమాన్ని అందరికీ తెరిచి పెట్టేశారు. ఆమె మనవలకూ మునిమనవలకూ ఒక్క మాట చెప్పలేదు. ఆమె జన్యువుల్లో ఉన్నది వాళ్ళలోనూ ఉంది కదా! గొడవయ్యాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ ఆగస్టులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ కుటుంబంతో ఒప్పందానికి వచ్చింది. ఆ డేటా కావాలన్నవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవాలి, దాన్ని చూసే సంఘంలో లాక్స్ కుటుంబ సభ్యులు ఇద్దరు కూర్చుంటారు.

మన దగ్గరా ఒక గాయం ఉంది. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో, అదే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను ఒక అధ్యయనంలో భాగంగా దాదాపు 14,000 మంది ఆడపిల్లలకు వేశారు. వాళ్ళలో చాలామంది గిరిజన సంక్షేమ హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు. చాలా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తల మీద ఆందోళన రేగి 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిదే, ప్రపంచమంతా వాడుతోంది. కానీ సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఆ తల్లిదండ్రులకు వాళ్ళ భాషలో, వాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చుని నాలుగు మాటలు చెప్పి ఉంటే పోయేదేముంది? అలా చేయనందువల్ల ఒక మంచి టీకా మీదే ఏళ్ళ తరబడి అనుమానం మిగిలింది. జన్యు డేటా విషయంలో ఆ పొరపాటు మళ్ళీ జరిగితే నష్టపోయేది మళ్ళీ ఆ పిల్లలే.

పేరు కొట్టేస్తే చాలదా అంటే, చాలదు. వందలమంది డీఎన్‌ఏను కలిపి సగటు లెక్కలు మాత్రమే ఇచ్చినా అందులో ఫలానా మనిషి ఉన్నాడో లేడో చెప్పవచ్చని 2008లో ఒక బృందం చూపించింది. వెంటనే అమెరికా ప్రభుత్వం అలాంటి పట్టికలను బహిరంగ వేదిక మీద నుంచి తీసేసింది. 2013లో మరో బృందం అజ్ఞాతంగా ఉన్న జన్యుక్రమాలను వంశవృక్షాల వెబ్‌సైట్లతో పోల్చి దాదాపు 50 మందిని గుర్తుపట్టింది. ఉమ్మి పట్టి పంపితే పూర్వీకుల వివరాలు చెప్పే 23అండ్‌మీ కంపెనీ నుంచి 2023లో 69 లక్షల మంది సమాచారం దొంగల పాలైంది. 2025లో ఆ కంపెనీ దివాలా తీసింది, కోటిన్నర మంది డేటా అమ్మకానికి వచ్చింది.

మనకు ఇంకో కోణం కూడా ఉంది. తరతరాలుగా కులంలోపలే పెళ్ళిళ్ళు చేసుకునే సమాజంలో ఒకరి జన్యు సమాచారం ఆ కులమంతటి గురించీ ఎంతో కొంత చెబుతుంది. దీనివల్ల మేలూ జరిగింది. మత్తు ఇచ్చేటప్పుడు వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందు కొందరిలో త్వరగా విరగక, ఆపరేషన్ అయ్యాక వాళ్ళు గంటల తరబడి ఊపిరి తీసుకోలేరు. ఆర్యవైశ్యుల్లో ఇది మిగతావారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనం దీని మూలాన్ని ఆ సమూహపు జన్యు చరిత్రలో చూపించింది. మన ఆసుపత్రుల్లో మత్తు డాక్టర్లు ముందే అడిగి జాగ్రత్త పడతారు. అదే సమాచారం పెళ్ళి సంబంధాల మార్కెట్‌లోకో, ఇన్సూరెన్స్ కంపెనీ చేతికో వెళితే ఏమవుతుందో కూడా ఊహించగలం. కాబట్టి సమ్మతి అడిగేటప్పుడు ఒక్క మనిషినే కాదు, సమూహం పెద్దలతోనూ మాట్లాడాలి.

తలుపు తీయాలి, తాళం చెవి ఉండాలి

దారులు లేకపోలేదు. మనిషిని పట్టివ్వవని చూసుకున్న సగటు లెక్కలను అందరికీ తెరిచి, ఒక్కో మనిషి పూర్తి జన్యుక్రమాన్ని మాత్రం దరఖాస్తు చూసి, హామీ పత్రం రాయించుకుని ఇవ్వడం ఒక పద్ధతి. డేటాను కదిలించకుండా లెక్క చేసే ప్రోగ్రామ్‌నే డేటా ఉన్న చోటికి పంపించడం రెండోది, ఇంకా మంచిది. 2,658 క్యాన్సర్ల సంపూర్ణ జన్యుక్రమాలను పరిశీలించి 2020లో ఫలితాలు ఇచ్చిన అంతర్జాతీయ ప్రాజెక్టులో మూడు ఖండాల్లోని కంప్యూటర్ కేంద్రాల్లో ఇలాగే పని జరిగింది. 2013లో ఏర్పడిన గ్లోబల్ అలయన్స్ ఫర్ జీనోమిక్స్ అండ్ హెల్త్ దీనికి కావలసిన ప్రమాణాలు రాస్తోంది. శ్రీకాకుళం రోగి డేటా శ్రీకాకుళంలోనో ఫరీదాబాద్‌లోనో ఉండి, లండన్ పరిశోధకుడి ప్రశ్న అక్కడికి వచ్చి జవాబు తీసుకుని వెళ్ళవచ్చు.

చట్టం మాత్రం వెనకబడి ఉంది. అమెరికాలో జన్యువులను చూసి ఆరోగ్య బీమా నిరాకరించడం, ఉద్యోగం తీసేయడం 2008లో వచ్చిన చట్టం కింద నేరుగా నిషిద్ధం. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. 2018లో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి వివక్ష రాజ్యాంగ విరుద్ధమని చెప్పడం ఊరటే గానీ, కోర్టుకెక్కే స్తోమతు ఎంతమందికి? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జన్యు సమాచారాన్ని విడిగా చూడలేదు. రోగులను ఉదారంగా ఇవ్వమని అడిగే ముందు, ఇచ్చినందుకు వాళ్ళకు నష్టం జరగదని పార్లమెంటు రాసి ఇవ్వాలి. ఈ వరస తారుమారు కాకూడదు.

ఇక ఆసుపత్రి. మన రోగులు ఫైలును ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఊరి నుంచి జిల్లాకూ జిల్లా నుంచి హైదరాబాద్, విశాఖలకూ మోసుకు తిరుగుతారు. స్కానింగులూ బయాప్సీ రిపోర్టులూ ఏ ఆరోగ్యశ్రీ అప్రూవల్ కాగితమో అన్నీ అందులోనే. ఆ కవరులో ఉన్నది రెండు తెలుగు రాష్ట్రాల్లోని పెద్దాసుపత్రుల మధ్య కంప్యూటర్‌లో ప్రయాణించే ఏర్పాటు చేస్తే, రోగి అనుమతితో దానికి జన్యు రిపోర్టు జతచేస్తే, యాంజియోసార్కోమా విషయంలో జరిగినది మన నోటి క్యాన్సర్ విషయంలోనూ జరుగుతుంది. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, ఉర్దూలో, కోయలో చెప్పే మనిషి ఉండాలి. ఇవాళ ఒప్పుకుని రేపు వద్దంటే వదిలేయాలి. పరిశోధనలో ఏదైనా తేలితే తిరిగి వచ్చి చెప్పాలి.

ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఆపరేషన్ అయి ఉంటే, ముక్క పరీక్ష చేసిన ల్యాబ్‌లో ఆ ముక్కను మైనం దిమ్మలో భద్రపరుస్తారు. దాన్ని బ్లాక్ అంటారు. అది ఎక్కడుంది, ఎన్నాళ్ళు ఉంచుతారు, పరిశోధనకు వాడతారా అని అడగండి. అడిగే హక్కు మీకుంది. జన్యు పరీక్ష చేయించి “తేలలేదు” అన్న రిపోర్టు పట్టుకుని ఉన్నవాళ్ళు ఏడాదికోసారి ఆ ల్యాబ్‌కు ఫోన్ చేసి, ఆ మార్పు గురించి కొత్తగా ఏమైనా తేలిందా అని కనుక్కోండి. తేలితే ఆ కాగితం కాపీ అక్కచెల్లెళ్ళకు పంపండి. అన్నదమ్ములకూ పంపండి. బీఆర్‌సీఏ మార్పు తండ్రి వైపు నుంచి కూడా బిడ్డలకు వస్తుంది.